లాయంలో మిగిలిన గొలుసు

మా ముత్తాత నవాబుల కాలంలో కోడుమూరు పక్క ఏడు ఊళ్ళకు పెత్తందారు. ఆయన లాయంలో నలభై గుర్రాలుండేవట. మా తాతకు నాలుగు మిగిలాయి. మా నాయనకు లాయం మాత్రం మిగిలింది. వాళ్ళ వారసుణ్ణి నేను. మొన్న కల్లూరులో ఒక ఇనుపపని షెడ్డులో, మిద్దెకు దూలాలు చేయించుకుంటూ ప్లాస్టిక్ స్టూలు మీద నిటారుగా కూర్చున్నాను. పనివాడు అయస్కాంతం డ్రిల్లును దూలానికి ఆనించి మీట నొక్కాడు. టప్పుమని అతుక్కుంది. నా చేయి నాకు తెలియకుండానే స్టూలు అంచును పట్టుకుంది.

"గొలుసు కట్టినావా అప్పా?" అన్నాను.

"కట్టినా పెద్దాయనా. మీకీ మిషను తెలుసునా?" అని నవ్వాడు.

తెలుసు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, కాలువ తలుపులు తయారుచేసే ఒక షెడ్డులో పనికి కుదిరాను. మా నాయన తల్లి, జేజి మాత్రం చుట్టాలకు "సర్కారు కట్టడాలు చూస్తాండాడు" అని చెప్పేది. అక్కడి మేస్త్రి, ఒకప్పుడు మా గుర్రాలకు నాడాలు కొట్టిన సాయిబు కొడుకు. మొదటిరోజే నా జుబ్బా చేతులు తానే పైకి మడిచాడు. "తిరిగేదాని ముందర గుడ్డ యాలాడకూడదప్పా" అన్నాడు. బెజ్జం వేసే బిట్టు మార్చాలంటే ముందు కరెంటు తీగ పెరికేవాడు. బిట్టు కాడను, అది దూరే గూటిని తన తువ్వాలుతో తుడిచేవాడు. నలుసంత రజను ఉన్నా బిట్టు వణుకుతుందనేవాడు. అయస్కాంతం ఆనేచోట రంగు, తుప్పు గీకి ఇనుమును తెల్లగా చేసేవాడు. అన్నీ నేర్చుకున్నాను, చెప్పేవాడు మా నాడాల సాయిబు కొడుకని మరిచిపోకుండానే.

ఒకనాడు మిషను గొలుసు తెగింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి. "నిలువు పలకకు గొలుసు లేకుండా తగిలించొద్దు. కరెంటు పోతే అయస్కాంతం ఇడిసేస్తాది. మీ లాయంలో ఒకటి ఉండాది కదప్పా, రేపు పట్టుకురా" అన్నాడు మేస్త్రి.

ఉంది. నలభై గుర్రాల గుర్తుగా మిగిలిన ఒకే గొలుసు. ప్రతి దసరాకు జేజి దానికి నూనె రాసి బొట్టు పెట్టేది.

"మా గుర్రాలను కట్టిన గొలుసు మీ మిషనుకా?" అన్నాను.

"కరెంటుకు మీ తాత తెలుసునా అప్పా?" అన్నాడు, కోపం లేకుండా.

ఇంట్లో అడగనే లేదు. మర్నాడు ఆయన రాకముందే కొబ్బరి పగ్గంతో మిషనును కట్టి, నిలువు పలకకు బెజ్జం వేయడం మొదలుపెట్టాను. మేస్త్రి గడపలోంచే పగ్గాన్ని చూశాడు. "నిలుపప్పా!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. అప్పుడే కరెంటు పోయింది. షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో పగ్గం తెగిన చప్పుడు ఇప్పటికీ వింటాను. ఆయన భుజంతో నన్ను తోసేశాడు. మిషను ఆయన కుడిపాదం మీద పడింది.

కింద కూర్చుని, పాదాన్ని రెండు చేతులా పట్టుకుని, "నీకేం కాలేదు కదా?" అని అడిగాడు. గొలుసు మాట ఆనాడు ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. ఆయన కుంటి నడక మా వీధి మలుపు తిరిగేది వినబడితే నేను తలుపు చాటుకు పోయేవాణ్ణి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. కాలం మనుషులను తీసుకుపోయింది గాని, ఆ అడుగుల చప్పుడును నా దగ్గరే వదిలింది.

మా లాయం గొలుసును, మిషను పడిన మూడేళ్ళకు, లాయం తలుపుల బందులతో కలిపి, పాత ఇనుము కింద అమ్మేశాం.