కుడి డోరులో ఉమ్మి చప్పుడు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు భయం వేయదు, ఒళ్లు మండుతుంది. చొప్పదండిలో మందుల దుకాణం నడుపుతాను. జ్వరం వస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టించుకొని, రోగం ముదిరాక నా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లను ఎందరిని తిట్టానో. అలాంటి నేను ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

ఇంకో మాట. నాకు ఉమ్మి అంటే పరమ అసహ్యం. బస్సు కిటికీలోంచి ఎవడైనా తల బయటపెట్టి ఉమ్మితే ఆ పూట నాకు అన్నం సయించదు. నా దుకాణం మెట్ల మీద ఉమ్మినవాడి చేత నీళ్లు పోయించి కడిగించిన రోజులున్నాయి. ఊళ్లో నన్ను చాదస్తుడంటారు. అననీ.

మా అక్కను ఇచ్చింది బోథ్‌లో. బావ పత్తి రైతు, మంచి మనిషి. కానీ పొద్దున లేచింది మొదలు అరచేతిలో తంబాకు, సున్నం నలపడమే పని. కారు నడుపుతున్నా అంతే. అద్దం దించడం, గొంతు రెండుసార్లు గరగరలాడించడం, థూ అని ఉమ్మడం. సగం బయట పడేది, సగం డోరు మీదే కారేది. చివరికి నోట్లో పుండు లేచింది. క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్‌లో ఒక పక్క దవడ కోసి తీశారు. ఆ తర్వాత ఆయన ఉమ్మినప్పుడు పెదవులు కలవక చివర్లో సన్నగా ఈల వచ్చేది. మనిషిని చూస్తే జాలి, ఆ చప్పుడు వింటే రోత. కిందటేడు పోయాడు.

మా దిక్కు మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, దూరం జరిగి, కాకి వచ్చి ముట్టేదాకా చూస్తారు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు లెక్క. బావకు మటన్ పెట్టారు, కల్లు పెట్టారు. ఒక్క కాకి దిగలేదు. చిటికెడు తంబాకు పెట్టి చూడమని ఆయన వదిన మా అక్కను బతిమాలింది. అక్క వినలేదు.

“దాంతోనే సచ్చిండు. మళ్ల నా చేతుల్తోనే పెట్టాల్నా?” అంది.

నాకైతే శభాష్ అనాలనిపించింది. ఎండ నెత్తికెక్కేదాకా చూసి, చివరికి ఆ విస్తరి ఆవుకు పెట్టి ఇంటికొచ్చాం.

ఆనాటి నుంచి అక్క సరిగా తినడం మానేసింది. ముద్ద కలుపుతుంది, నోటిదాకా తెస్తుంది, ఆయన ఆకలితో తిరుగుతున్నాడేమోనని దించేస్తుంది. పోనీ తంబాకు పెట్టేద్దామా అంటే, ఆయనను చంపిన దాన్ని పెట్టడానికి చేతులు రావు. మనిషి ఎండిన పత్తికట్టె అయింది. చొప్పదండికి తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాం. పరీక్షలన్నీ చేయించాను. రోగమేం లేదు, ఇట్లాగే తినకుండా ఉంటే మాత్రం మనిషి దక్కదు అన్నాడు డాక్టరు.

అక్కతో పాటు బావ కారు కూడా మా ఇంటికి వచ్చింది. బోథ్‌లో దాన్ని నడిపేవాళ్లు లేరు. కంపెనీ నుంచి వచ్చిన పాటల పెట్టె అలాగే ఉంది. స్పీకర్లు మూలుగుతున్నాయి. నాకు పాటల పిచ్చి. పాట వింటుంటే అక్క మనసు కూడా జర మళ్లుతుందనుకున్నాను. కరీంనగర్‌లో సలీం భాయ్ దగ్గరికి తీసుకుపోయి కొత్త స్పీకర్లు, సీటు కింద ఆంప్లిఫయర్ పెట్టమన్నాను.

సలీం భాయ్ డ్రైవర్ వైపు డోరు ప్యాడ్ ఊడదీశాడు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. అద్దం దిగే సందులోంచి ఏళ్ల తరబడి కారిన తంబాకు ఉమ్మి డోరు అడుగున తారులాగా పేరుకుపోయింది. వాన నీళ్లు పోవడానికి ఉండే రంధ్రాలు కూడా దాంతోనే పూడుకుపోయాయి. పాత స్పీకర్ అట్ట నానిపోయి, వేలు తగిలితే మెత్తగా ఊడి వచ్చింది. నేను మోరీ దగ్గరికి ఉరికి వాంతి చేసుకున్నాను. సలీం భాయ్ ముక్కుకు దస్తీ కట్టుకొని, కిరోసిన్ పోసి, బ్రష్‌తో గీకి గీకి కడిగాడు. లోపల కొత్త షీటు అంటించి స్పీకర్ బిగించాడు. పాట పెడితే గుండెకు తగిలినట్టు మోగింది. పీడా పోయిందనుకున్నాను.

చొప్పదండి చేరకముందే మొదలైంది. రెండు పాటల మధ్య సందులో, నా కుడి మోకాలి దగ్గర, గొంతు గరగరలాడిన చప్పుడు. రెండోసారి. ఆ తర్వాత థూ. ఆ చివర సన్నటి ఈల.

కారు పక్కకు ఆపి అద్దం తీసి చూశాను. రోడ్డు మీద ఎవరూ లేరు. నాకు వేసింది భయం కాదు. తడి ఉమ్మి నా ప్యాంటు మీద పడ్డట్టు అనిపించి, కాలు పదేపదే తుడుచుకున్నాను.

మర్నాడు మళ్లీ సలీం భాయ్ దగ్గరికి పోయాను. గ్రౌండింగ్ ప్రాబ్లం అన్నాడు. వైరు ఇంకో చోట బిగించాడు. కుడి స్పీకర్ ఎడమకు, ఎడమది కుడికి మార్చాడు. చప్పుడు మాత్రం కుడి డోరు వదల్లేదు. ఆఖరికి నేను తాళం తీసి జేబులో వేసుకున్నాను. ఆంప్లిఫయర్ మీది నీలి దీపం ఆరిపోయింది, అంటే దానికి కరెంటు లేదు. అప్పుడు వచ్చింది ఆ చప్పుడు, గరగర నుంచి ఈల దాకా మొత్తం. షాపులో ఎవడు ఉమ్మాడని సలీం భాయ్ కోపంగా వెనక్కి తిరిగి చూశాడు. మేమిద్దరమే ఉన్నాం.

“అన్నా, గిది నా పని కాదు. బండి అమ్ముకో,” అన్నాడు.

అమ్మేవాణ్నే. కానీ బావ ఏడాది మాసికం ముంచుకొచ్చింది, అక్కను బోథ్ తీసుకుపోవాలి. ఆ చప్పుడు ఆమె చెవిన పడకూడదు. పడిందంటే తినే ఆ నాలుగు మెతుకులు కూడా మానేస్తుంది. అందుకే దారి పొడుగునా పాటలు పెద్దగా పెట్టాను. ఒక పాట కాగానే ఇంకోటి అందుకునేలా చూసుకున్నాను. తల పగిలిపోతుంది మెల్లగా పెట్టు తమ్మీ అని అక్క అడుగుతూనే ఉంది. వినిపించనట్టే నటించాను.

నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుండగా అక్క విసుగొచ్చి చెయ్యి చాపి తానే ఆపేసింది.

కారులో నిశ్శబ్దం. గరగర. మళ్లీ గరగర. థూ. ఈల.

నేను అక్క వైపు చూడలేకపోయాను. ఏదో వైరు లూజు అని గొణిగాను. అక్క ఆపు అంది. ఆపాను. పట్టపగలు, పక్కనుంచి లారీలు పోతున్నాయి. అక్క దిగి, కారు ముందునుంచి తిరిగి వచ్చి, నా డోరు బార్లా తెరిచింది.

“దిగు,” అంది.

ఆ మాట నాతో అనలేదు. ఆమె చూపు నా మీద లేదు. అయినా నేనే గబగబా దిగి పక్కకు జరిగాను. ఖాళీ సీటును చూస్తూ డోరు పట్టుకొని నిలబడింది.

“తంబాకు నేను పెట్ట. నువ్వు ఏడాది థూ అని ఊంచినా పెట్ట, పదేండ్లు ఊంచినా పెట్ట. బతికినప్పుడు నా మాట ఇనలే. ఇప్పుడన్న ఇను. దిగు. ఇగ బండెక్కకు.”

ఆయన బతికి ఉన్నప్పుడు వాకిట్లో ఉమ్మినందుకు ఎట్లా కసిరేదో అట్లాగే అంది. ఎవరో ముసలాయన దిగేదాకా ఆగినట్టు కాసేపు ఆగింది. అప్పుడు నా వైపు తిరిగి, నువ్వు ఎక్కు తమ్మీ అంది.

ఎక్కబోతూ కింద చూశాను. డోరు పక్కన దుమ్ములో గోధుమరంగు ఉమ్మి, తడిగా, నురగతో ఉంది. కారు ఆపినప్పుడు అది అక్కడ ఉందా? చెప్పలేను. మన రోడ్ల పక్కన ఎవడో ఒకడు ఉమ్ముతూనే ఉంటాడు. కానీ ఆ ఎండకు తారు మెత్తబడుతోంది, ఇది మాత్రం ఆరలేదు. మొహం తిప్పుకున్నాను.

అక్క తిప్పుకోలేదు. కుచ్చిళ్లు జర పైకి పట్టుకొని, చెప్పు కొనతో కొంచెం కొంచెం మట్టి లాగి, దాన్ని పూర్తిగా కప్పేసింది.

ఆనాటి నుంచి కుడి డోరులో పాట తప్ప ఇంకో చప్పుడు లేదు. కారు అమ్మలేదు. సలీం భాయ్ వైరు దానంతటదే కుదురుకుందంటాడు. ఆయన కూడా నమ్మి అనడు.

ఆ మధ్యాహ్నం బోథ్‌లో అందరి కంటే ముందు అక్కే భోజనానికి విస్తరి ముందు కూర్చుంది. రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుంది.