బాయి దాటినంక ఎడమకు

మా ఇంట్లో రోజూ గొడవ లైట్ల గురించే. నాన్న బొగ్గుగనిలో డ్యూటీ దిగి వచ్చాడంటే పట్టపగలైనా అన్ని గదుల్లో లైట్లు వేస్తాడు. రాత్రి ఒక ట్యూబులైటు వెలుగుతూ ఉంటేనే నిద్రపోతాడు. అమ్మకేమో వెలుతురులో కునుకు పట్టదు. "ఈ మనిషితోని నాకింత చీకటి కరువైంది" అని నా చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది.

కాసిపేట అవతల సున్నపుగుట్ట అనే అడవి పార్కు ఉందని, సున్నపురాళ్ల మధ్య నడకదారి, దాని చివర ఒక గుహ ఉన్నాయని పేపర్లో చదివాను. శనివారం వెళ్లొస్తానని ఇంట్లో చెబితే అమ్మ కూరగాయలు తరగడం ఆపింది.

"లోపల చీకటుంటదా?"

"గుహ కదా, ఉంటుంది."

"ఐతే నేనొస్త."

అమ్మకు మోకాళ్ల నొప్పులు. చర్చికి కూడా ఆటోలోనే పోతుంది. ఎందుకని అడిగితే అసలు సంగతి చెప్పింది. "మీ నాయిన ముప్పై ఏండ్ల సంది బాయిలకు దిగుతుండు. లోపల ఏముంటదయ్యా అంటే, 'ఏముంటది, చీకటి' అంటడు. గంతే, ఇంకో మాట రాదు. ఆ చీకటేందో ఒక్కసారి చూడాలె."

"కరెంటు పోయినప్పుడు చూస్తలేవా?"

"అదేం చీకటే? పక్కింటోళ్ల ఇన్వర్టరు, నీ ఫోను."

శనివారం నాన్నకు ఫస్టు షిఫ్టు. బూట్లు వేసుకుంటూ నవ్వాడు. "గుహకు పోవుడేంది? నాకు చెప్తే బాయిలకే తీస్కపోదును."

"నువ్వు బజారుకే తీస్కపోవు" అంది అమ్మ.

ఏడున్నరకు గోదావరిఖని బస్టాండులో మంచిర్యాల బస్సు ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్లు రెండు కొట్టి ఇచ్చాడు. అమ్మ వాటిని మడిచి బైబిలు సంచీలో పెట్టుకుంది. సంచీలో ఆ రోజు బైబిలు లేదు, సర్వపిండి ఉంది. గోదావరి వంతెన మీద పొగమంచు ఇంకా వీడలేదు. ఎడంపక్కన నీళ్లు, కుడిపక్కన ఇసుక.

మంచిర్యాలలో టీ తాగి, తొమ్మిదిన్నరకు కాసిపేట మీదుగా పోయే పల్లెవెలుగు అందుకున్నాం. వెళ్లాలనుకునేవాళ్లు దీన్ని వదులుకోవద్దు, తర్వాతి బస్సు మధ్యాహ్నానికి గానీ లేదు. పక్క సీట్లో ఖాళీ పూలబుట్టతో ఒక అవ్వ కూర్చుంది.

"యాడికి బిడ్డా, తల్లీబిడ్డలు?"

"గుహ చూద్దామని పోతున్నం" అంది అమ్మ.

"గుహలేముంటది? గబ్బిలాలు. గా సోకుకు బస్సెక్కి పోవాల్నా? మా ఇంటెనక గోదాముకు రాండ్రి, బొచ్చెడు గబ్బిలాలు."

అమ్మ ఎంతగా నవ్విందంటే ముందు సీటువాళ్లు తిరిగి చూశారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నలుగురూ చూస్తే నాకు చెవులు వేడెక్కుతాయి.

పదకొండుకు ముందే దిగాల్సిన చోట దిగాం. బోర్డేమీ లేదు. మేకలు తోలుకుపోతున్న ఒక కాకను దారి అడగమని అమ్మ నన్ను పొడిచింది. అడిగాను. ఆయన కర్ర ఎత్తి చూపించాడు. "సీదా పోండ్రి. బాయి దాటినంక ఎడమకు మలుగుండ్రి. గేటు అవుపడ్తది."

ఎంత దూరమో అడగాలనుకున్నాను. రెండోసారి అడగడానికి మొహమాటమేసింది. ఆయన మేకల వెంట వెళ్లిపోయాడు.

బాయి దొరకడం మాకేమంత కష్టం? రోడ్డు ఎటు నల్లగా ఉంటే బాయి అటే ఉంటుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్నదే. పత్తిచేలు దాటాం, మోటారు నడుస్తున్న ఒక వ్యవసాయ బావి దాటాం. అక్కడ ఆగి అమ్మ ముఖం కూడా కడుక్కుంది. ఆ తర్వాత రోడ్డు అంచులు నల్లబడుతూ వచ్చాయి. టిప్పర్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి. "సక్కగనే పోతున్నం" అంది అమ్మ. అట్లా చాలాసేపు సక్కగనే పోయాం. చివరికి గని గేటు వచ్చింది. దాని పక్కన ఎడమకు మలిగే దారే లేదు.

టిఫిను డబ్బా తగిలించుకుని బైకు మీద వస్తున్న ఒకాయన మమ్మల్ని చూసి ఆగాడు. సంగతి విని బైకు స్టాండు వేసి మరీ నవ్వాడు.

"యాడనుంచి అక్కా? ఖనోళ్లా?"

"ఔ, గోదావరిఖని."

"గందుకే. మీ ఖనోళ్లకు బాయంటే బొగ్గుబాయే. కాక చెప్పింది నీళ్ల బాయి! ఎనక మోటారు నడుస్తలేదా, అది."

"అండ్ల మొఖం గూడ కడుగుతిమి గదనే!" అని అమ్మ నా భుజం మీద ఒక్కటేసింది.

ఒక్కసారి "ఏ బాయి కాకా?" అని అడిగి ఉంటే ఇంత నడక తప్పేది. అమ్మ ఆ మాట అనలేదు. కుంటుతూ వెనక్కి నడిచింది. నీళ్ల బాయి పక్కనున్న దారికి మలిగి, ఇద్దరికీ టికెట్లు తీసుకుని లోపలికి వెళ్లేసరికి ఒంటిగంట కావస్తోంది. గుహలోకి రెండు దాకే పంపుతారని గేటు దగ్గర రాసి ఉంది.

దారి మాత్రం చాలా బాగుంది. మొదట టేకుచెట్లు, విస్తరాకులంత ఎండుటాకులు కాళ్ల కింద పెళపెళమంటాయి. పైకి పోయేకొద్దీ తునికి, ఇప్ప. ఆ తర్వాత రాళ్లు మొదలవుతాయి. బూడిదరంగు సున్నపురాళ్లు, వాటి మీద వాన గీసిన గాట్లు దువ్వెన పళ్లలా ఉంటాయి. వేళ్లు పెట్టి చూస్తే చల్లగా, గరుగ్గా ఉన్నాయి. మా దగ్గర రాయి అంటే నలుపే, చేయి పెడితే అంటుకుంటుంది. ఇక్కడ అమ్మ కొంగుకు తెల్లదుమ్ము అంటింది. నాలుగడుగులకోసారి ఆమె ఏదో ఒక రాయి మీద కూర్చుంటోంది. మధ్యలో సర్వపిండి తిన్నాం. నేను గడియారం చూడటం చూసి, "నువ్వు పోయి చూసి రారాదు" అంది. నేను పోలేదు.

గుహ దగ్గరికి చేరేసరికి అటవీశాఖ వాచర్ ఇనుప తలుపుకు తాళం వేస్తున్నాడు.

"టైమయిపాయె అక్కా. మల్లొకసారి రాండ్రి."

"సరే బిడ్డ" అంది అమ్మ. కొంగుతో ముఖం తుడుచుకుని తలుపు ఊచల్లోంచి లోపలికి చూస్తూ నిలబడింది. మల్లొకసారి ఈ గుట్ట ఎక్కలేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

అప్పుడు నేను మాట్లాడాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "అన్నా, మా నాయిన బాయి పని చేస్తడు. లోపల చీకటి ఎట్లుంటదో మా అమ్మ ఎన్నడు చూడలే. గందుకే వచ్చినం. మోకాళ్ల నొప్పులున్నా ఎక్కింది. ఒక్క నిమిషం పంపరాదే."

ఆయన అమ్మ కాళ్ల వైపు చూశాడు. తాళం తీశాడు. "జల్ది రాండ్రి మరి. తల వంచు అక్కా, పైన రాయి తగుల్తది."

వంగి వంగి నడిస్తే ఒక గదిలాంటి చోటు వచ్చింది. టార్చి వెలుగులో పైకప్పు నుంచి వేలాడే రాతిమొనలు, వాటి కొసల నీటిబొట్లు మెరిశాయి. నేను వాటినే చూస్తున్నాను. అమ్మ చూడలేదు.

"తమ్మీ, లైటు బంద్ చెయ్యి."

ఆయన ఆర్పాడు.

కళ్లు తెరిచానో మూశానో తెలియలేదు. చెయ్యి ముఖం ముందు పెట్టుకున్నా కనబడలేదు. ఎక్కడో బొట్టు పడిన చప్పుడు, మళ్లీ ఇంకోటి. అమ్మ గాజులు కదిలాయి. ఆమె చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా మోచేతిని పట్టుకుంది.

"ప్రభువా" అంది మెల్లగా.

"అక్కా, ఎయ్యాల్నా?" అన్నాడు వాచర్.

"ఉండు బిడ్డ. ఎయ్యకు."

కొంతసేపటికి, "ఎనిమిది గంటలు" అంది.

"నాయినకు తలకు లైటుంటది కదమ్మా."

"ఉంటది. అది ముందటికే కొడ్తది. ఎనకంత గిదే గద."

బయటికి వచ్చాక ఎండకు ఇద్దరం కళ్లు చిట్లించాం. దిగేటప్పుడు అమ్మ నా భుజం పట్టుకుని నడిచింది. నీళ్ల బాయి దగ్గర ఆగి, "గిదే బాయి, మంచిగ చూస్కో" అని నన్ను ఎక్కిరించింది. మూడున్నర బస్సు దొరికింది.

మంచిర్యాల నుంచి తిరుగు బస్సులో మసక చీకటి పడింది. మొత్తం మీద మంచి యాత్ర. నీళ్లు, టోపీ తీసుకెళ్లండి. మా వైపు వాళ్లయితే దారి రెండుసార్లు అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. గుట్ట మీది రాళ్ల కోసమైనా నేను మళ్లీ పోతాను.

ఇందారం దాటాక వెనక సీట్లోంచి ఒక పిల్లగాడు అరిచాడు. "అన్నా, లోపలి లైటు బంద్ చెయ్ రాదే, జెర పండుకుంటం."

కండక్టర్ డ్రైవర్ వైపు తిరిగాడు. ఆ మాట అనాల్సింది మామూలుగా అయితే అమ్మే.

"ఉండనియ్యి కొడుకా" అంది అమ్మ. "డ్యూటీ దిగినోళ్లుంటరు బస్సుల."

లైటు అట్లాగే ఉంది. వంతెన మీద కిటికీ అద్దంలో గోదావరి కనబడలేదు. మేల్కొని కూర్చున్న అమ్మ ముఖం కనబడింది.