బ్లేడక్క కోసిన పదకొండు పొరలు

ఆసుపత్రి రెండో అంతస్తులోని పరీక్షల గదిలో ఆమెను అందరూ బ్లేడక్క అనేవారు. మాటలతో బ్లేడు వేసే మనిషని కాదు. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆపరేషన్లలో తీసిన కండ ముక్కల్ని వెంట్రుక కంటే పల్చటి పొరలుగా కోసి గాజు పలకల మీద పరచడం ఆమె పని. ఇరవై ఆరేళ్లుగా అదే స్టూలు, అదే కిటికీ.

ఆ ఏడాది ఆమె అన్నయ్యకు నడుం నొప్పి వచ్చింది. ఆయన లిఫ్టు మెకానిక్. అరవై రెండేళ్లు. నోట్లో సిగరెట్టు ఆరితే మెలకువ లేనట్టే లెక్క. స్కాన్ తీస్తే నడుం సంగతి తేలలేదు గానీ, ఎవరూ వెతకనిది ఒకటి బయటపడింది. గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం, బృహద్ధమని, ఒకచోట బుడగలా ఉబ్బింది. ఐదున్నర సెంటీమీటర్లు దాటింది. పగిలితే ఆసుపత్రికి చేరే వ్యవధి కూడా దొరకకపోవచ్చని సర్జన్ చెప్పాడు.

అన్నయ్య ససేమిరా అన్నాడు. "నడుం నొప్పి మాత్రతో పోయింది. ఊరికే ఉన్న కడుపును కోయించుకోమంటారా?"

వదిన ఏడ్చింది, అలిగింది, అన్నం మానేసింది. ఆయన కదల్లేదు. చివరికి బ్లేడక్క ఒక మధ్యాహ్నం ఆయన్ని తన గదికి తీసుకెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. విద్యార్థులకు చూపించడానికి దాచిన పాత పలక ఒకటి పెట్టింది.

"ఆ గులాబీ రంగు అలలు చూశావా అన్నయ్యా? రక్తనాళం గోడను సాగనిచ్చే నారలు అవి."

"మధ్యలో తెగిపోయాయేం?"

"పక్కన ఊదారంగు చుక్కలున్నాయి చూడు. రోగాలు రాకుండా కాపాడే కణాలు. కాపలా కాయాల్సినవి గోడలోనే మకాం పెట్టి, నారల్ని కరిగించేస్తున్నాయి."

"అంటే మనవాళ్లేనా?"

"మనవాళ్లే."

ఆయన చాలాసేపు కన్ను తీయలేదు. "తాడులో ఇన్ని పోగులు తెగితే నేను ఆ లిఫ్టుకు తాళం వేసేస్తానమ్మా," అన్నాడు. కాసేపటికి, "ఆపరేషన్ ఎప్పుడంటున్నాడు మీ డాక్టరు?" అని అడిగాడు.

అదే అంతస్తులో ఒక పరిశోధకురాలు ఈ జబ్బు మీదే పనిచేస్తోంది. మన కణాల్లో పుట్టే ఆర్ఎన్ఏలో కొంత ప్రోటీన్లు తయారుచేయదు. ఏ జన్యువు పనిచేయాలో, ఏది నోరు మూసుకోవాలో చూస్తుంటుంది. ఆ పెత్తనం గాడి తప్పడం వల్లే కాపలా కణాలు గోడ మీద పడుతున్నాయా అన్నది ఆమె ప్రశ్న. ఉబ్బిన గోడలోంచి చిన్న ముక్క ఇమ్మని అడిగితే అన్నయ్య సంతకం పెట్టేశాడు. "పారేసేదేగా, తీసుకోండి."

ఆపరేషన్ రోజు పదకొండున్నరకు డబ్బా వచ్చింది. మూత తీయగానే చలిపొగ పైకి లేచింది. డబ్బా మీద పేరు లేదు, అంకె ఉంది. ఆ రోజు బృహద్ధమని ఆపరేషన్ ఒక్కటే.

"మీరు వద్దక్కా, నేను కోస్తాను," అంది పరిశోధకురాలు.

"దాచి రేపు కోయలేమా?"

"పెద్ద ఫ్రీజరు నిన్నటి నుంచి రిపేరులో ఉంది. చల్లదనం పోతే ఆర్ఎన్ఏ ముక్కలైపోతుంది."

"మీరు కోస్తే పొర నలిగిపోతుంది. జరగండి."

మైనస్ ఇరవై డిగ్రీల చలిపెట్టెలో, బ్లేడు ముందు ముక్కను బిగించి, కోసే చక్రం తిప్పింది. మొదటి పొర చిరిగింది. రెండోదీ చిరిగింది. ఊపిరి బిగబట్టి మూడోది తీసింది, అది నిలిచింది. నాలుగో పొరకు సొరుగులో ఫోను మోగింది. చేతులకు తొడుగులున్నాయి. వేలి చెమట తగిలినా ఆర్ఎన్ఏ పాడవుతుంది. ఫోను ఆగింది. మళ్లీ మోగింది. ఆగింది. అటువైపు ఉన్నది వదినేనని తెలుసు. ఆమె చక్రం తిప్పుతూనే ఉంది. చెంపల మీద కారుతున్నది తుడుచుకోవడానికి కూడా వీల్లేదు.

పదకొండు పొరలు పలకల మీదికి చేరాక తొడుగులు పీకేసి ఫోనెత్తింది.

"ఎక్కడున్నావమ్మా? రక్తం బాగా పోతోందట! నీదీ ఆయనదీ ఒకే గ్రూపు కదా, నిన్ను రమ్మంటున్నారు!"

మెట్ల మీద పరుగెత్తింది. ఆమె చేరేసరికి రక్తనిధి నుంచి రక్తం సంచులు లోపలికి వెళ్లిపోయాయి. వదిన ఆమె వైపు చూడలేదు. "ముక్క మీదున్న శ్రద్ధ మనిషి మీద లేదా?" అంది. ఇద్దరూ ఒకే బల్ల మీద చెరో చివర కూర్చున్నారు. నాలుగింటికి సర్జన్ మాస్కు దించుకుంటూ వచ్చి, "గట్టెక్కాడు," అన్నాడు. వదిన మూడు వారాలు ఆమెతో మాట్లాడలేదు.

తర్వాత ఫలితం వచ్చింది. కాపలా కణాలు గుమికూడిన చోటే ఒక రకం చిన్న ఆర్ఎన్ఏ కుప్పలుగా కనిపించింది. "అది జబ్బు తెచ్చిందో, జబ్బే దాన్ని తెచ్చిందో ఇంకా తెలీదక్కా," అంది పరిశోధకురాలు. "మీ అన్నయ్యకు దీనివల్ల ఒరిగేదేం లేదు. కానీ ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు. మీరూ స్కాన్ తీయించుకోండి."

బ్లేడక్క రేపూ మాపూ అంటూ వాయిదా వేసింది. అన్నయ్య ద్వారా ఆ సంగతి విన్న వదిన ఒక ఉదయం చెప్పాపెట్టకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది. "చెప్పులేసుకో," అంది. అంతే.

మూడు పాయింట్ ఒకటి సెంటీమీటర్లు. కొంచెం ఎక్కువే. భయపడేంత కాదు గానీ, వదిలేయడానికీ వీల్లేదు, ఏటా చూపించుకోమన్నారు. వరండాలో నిలబడి కాగితం మీది ఆ అంకెనే మళ్లీ మళ్లీ చదివింది.

వదిన ఆ కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, తన సంచిలో వేసుకుంది.