మైకమ్మ గొంతు కోసం

ఆ వీధిలో ఆమెను అందరూ మైకమ్మ అనేవారు. కూరగాయల కొట్టులోంచి "లేత బెండకాయలూ!" అని ఒక్క కేక వేస్తే మూడో అంతస్తు కిటికీలు తెరుచుకునేవి. అదే కొట్టులో ఓ మూల కూర్చుని వాచీలు బాగుచేసే ఆమె మొగుడు నోట్లో నాలుక లేని మనిషి. అతని గిరాకీలతో కూడా మాట్లాడేది ఆమే.

మెడ మీద వాపుకు ఆపరేషన్ అయ్యాక ఆ గొంతు మూగబోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు.

"వారంలో వచ్చేస్తుందమ్మా" అన్నాడు సర్జను. నెలలు గడిచినా అదే పాట. ఆఖరికి విసుక్కున్నాడు. "ప్రాణం దక్కింది కదా, ఇంకా గొంతు గొడవేంటి?"

ఇంకో డాక్టరు పరీక్షించి, ఆపరేషన్లో గొంతు నరం దెబ్బతిందనీ, అప్పుడే చూసుంటే చాలావరకు నయమయ్యేదనీ చెప్పాడు. ఇంటికొచ్చి ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. రోజంతా వాగే మనిషి అలా ముడుచుకుపోతే అతనికి ముద్ద దిగలేదు.

"వినియోగదారుల కోర్టుకెళ్దాం" అన్నాడు. ఆమె దిగ్గున లేచి కూర్చుంది. కాపురానికొచ్చాక అతను సొంతంగా ఏదైనా తేల్చి చెప్పడం అదే మొదలు.

విచారణలో ఆమె గుసగుస జడ్జిగారికి వినపడలేదు. ఆమె చెప్పేది అతన్ని పైకి చెప్పమన్నారు. అతను తల వంచుకుని ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పవయ్యా, వాచీతో మాట్లాడినట్టు కాదు" అని ఆమె చెవిలో కసిరింది. కంగారులో అతను అదీ పైకి చెప్పేశాడు. జడ్జిగారితో సహా అందరూ నవ్వారు.

సర్జను తరఫు లాయరు లేచాడు. "ఈ ఆపరేషన్లో గొంతుకు ప్రమాదం మామూలేనండీ."

"మామూలైతే ముందే మాకెందుకు చెప్పలేదు? మాట పోయాక ఒక్కసారైనా గొంతులోకి ఎందుకు చూడలేదు?"

అది ఆమె అందించిన మాట కాదు. ఆమె తలతిప్పి, కొత్తమనిషిని చూసినట్టు మొగుణ్ణి చూసింది.

ముందు హెచ్చరించకపోవడం, తర్వాత పట్టించుకోకపోవడం నిర్లక్ష్యమేనని కోర్టు తేల్చింది. పరిహారం ఇమ్మంది. సర్జను ఇచ్చాడు గానీ వాళ్లవైపు కన్నెత్తి చూడలేదు.

"పొరపాటైందమ్మా అని ఒక్క ముక్క అంటే అతని సొమ్మేం పోయింది?" అని గుసగుసగా అంటూ దారంతా ఆమె కళ్లు తుడుచుకుంది. అతను ఆమె చెయ్యి వదల్లేదు.

చికిత్సతో గొంతు సగం వచ్చింది, కాస్త బొంగురుగా. రోజులో కొంతసేపైనా మాట్లాడకుండా ఉండాలని కొత్త డాక్టరు గట్టిగా చెప్పాడు.

"అదొక్కటీ మా చేత కాదండీ" అన్నాడు మొగుడు, ఆమె నోరు తెరిచేలోపే.