పిచ్చుకల విందుకి దిష్టిబొమ్మ కాపలా

వరికుచ్చు కట్టడంలో కోనసీమ మొత్తం మీద నన్ను మించినవాడు లేడు. నేను కట్టిన కుచ్చు చూరుకి వేలాడిందంటే, అంబాజీపేట నుంచి రాజోలు దాకా ఉన్న పిచ్చుకలన్నీ మా ఇంటికి పంక్తి భోజనానికి వచ్చేవి. ఆ రెక్కల చప్పుడికి వాన మొదలైందనుకుని పక్కింటివాళ్లు ఆరేసిన బట్టలు తీసేసుకునేవారు. అంతేకాదు, ఆ ఒక్క కుచ్చుతో మా మామ్మ ప్రాణం నిలబెట్టాను.

మనవలకి చెప్పి చెప్పి ఈ మాటలు నాకే నిజమనిపిస్తాయి. కాయితం మీద పెట్టేసరికి మాత్రం చెయ్యి కొంచెం జంకుతోంది. కాబట్టి బట్టల సంగతి కొట్టెయ్యండి. అంబాజీపేట, రాజోలు కూడా కొట్టెయ్యండి. వచ్చినవి మా దొడ్లో పిచ్చుకలే. మామ్మ సంగతి మాత్రం ఉంచండి.

స్వరాజ్యం వచ్చిన రెండు మూడేళ్లకి జరిగిందిది. సార్వా కోతలైపోయి, పొద్దున్నే మంచు పడుతున్న రోజులు. కుప్ప నూర్చేముందు మంచి కంకులు ఏరి, కాడలు జడలా అల్లి, కంకులు కిందికి వేలాడేలా కుచ్చు కట్టి చూరుకి తగిలించడం మా ఇళ్లలో రివాజు. ఊడ్చుకుపోయిన చేలల్లో గింజ దొరకని పిచ్చుకలకి అదే ఆధారం. మా ఇంట్లో ఆ పని మామ్మది, అంటే మా నాన్నగారి తల్లిది. ఆవిడకో పట్టుదల ఉండేది. పొద్దున్న పిచ్చుకలు నాలుగు గింజలు తిన్నాకే తన నోట్లో ఏదైనా వేసుకునేది.

ఆ ఏడు మామ్మకి జ్వరం తగిలింది. జ్వరమైతే తగ్గింది గాని, మనిషి మంచానికి అతుక్కుపోయింది.

"ఇంక మందులతో పని లేదండీ. నాలుగు గుక్కలు జావ తాగితే లేచి తిరుగుతారు. తాగకపోతే మాత్రం నేనేం చెప్పలేను," అని వైద్యులుగారు నాన్నగారితో అనేసి వెళ్లిపోయేరు.

మామ్మేమో జావగిన్నె చూడగానే మొహం గోడవైపు తిప్పేసేది. "కుచ్చేదిరా? పిట్టలు తినకుండా నాకు గుటక దిగదు."

నేను కడతానని లేచాను. కొత్తగా కాపురానికొచ్చిన నా భార్య ఎదురుగా నిలబడి ఉంది మరి.

"నీకు వచ్చట్రా?" అన్నారు నాన్నగారు.

"చిన్నప్పట్నించీ మామ్మ పక్కన కూర్చున్నది నేనే కదండీ."

కూర్చున్న మాట నిజమే. కూర్చుని తేగలు తినేవాణ్ణి.

మంచుకి కాడలు మెత్తబడి ఉన్నప్పుడే అల్లాలిట. నేను బారెడు పొద్దెక్కాక మొదలుపెట్టాను. పుటుక్కు పుటుక్కున విరిగిపోయాయి. చివరికి అన్నీ కలిపి కొబ్బరితాడుతో చుట్టేశాను.

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "చీపురు బాగుందండీ," అంది.

నా కళ్లకి మాత్రం అంత అందమైన కుచ్చు ఆ ఊళ్లో లేదు. దారిన పోయేవాళ్ల కళ్లు పడతాయని బెంగ కూడా పట్టుకుంది. అందుకని పశువులశాల వెనక పడున్న దిష్టిబొమ్మని తెచ్చి, కుచ్చు పక్కనే చూరుకి కట్టేశాను. నల్లకుండ తల, సున్నంతో దిద్దిన కళ్లు, గాలికి టపటపలాడే నాన్నగారి పాత చొక్కా. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాను.

మర్నాడు పిచ్చుకలు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. దొడ్డి చివర జామచెట్టు మీద చేరేవి, మా చూరు వంక ఓసారి చూసేవి, ఎగిరిపోయేవి. అమ్మ జావగిన్నె పట్టుకుని లోపలికి వెళ్లి, ఆ గిన్నెతోనే తిరిగొచ్చేది. నాన్నగారు అరుగు మీంచి లేచొచ్చి, ఆ గిన్నెలోకి తొంగిచూసి వెళ్లేవారు.

ఇక పట్టలేక ఓ పొద్దున మామ్మ కిటికీ కింద నక్కి, పెదాలు బిగించి కిచకిచమన్నాను.

"అదిగోనండీ అత్తయ్యగారూ, వచ్చేయి!" అంది లోపల అమ్మ, ఆశగా.

మామ్మ కాసేపు చెవి ఒగ్గి, ముక్కు ఎగబీల్చి, "ఈ పిచ్చుక చుట్ట కాలుస్తున్నట్టుందే," అంది.

నేను చుట్ట కాలుస్తానని నాన్నగారికి అప్పుడే తెలిసింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. అనకపోయేసరికి నాకు నిజంగా భయం వేసింది. మామ్మ పోతుందేమోనని అప్పటిదాకా ఎవరం పైకి అనుకోలేదు.

"నన్ను అరుగు మీదికి మొయ్యండి. సంగతేవిటో నేనే చూస్తాను," అంది మామ్మ.

నాన్నగారూ నేనూ చెరోవైపు పట్టి మంచంతో సహా బయటికి తెచ్చాం. మామ్మ తలెత్తి కుచ్చు వంక చూసింది. తర్వాత బొమ్మ వంక చూసింది.

"అదేవిట్రా?"

"దిష్టిబొమ్మ మామ్మా."

"చేలో అదెందుకు పెడతాం?"

"పిట్టలు రాకుండా..." అని, మిగతాది మింగేశాను. ఇంటికి తగిలే దిష్టికీ, చేలో వాలే పిట్టకీ మాకు ఒకటే బొమ్మ. కట్టేటప్పుడు నాకు దిష్టి గుర్తుంది గాని, చేను గుర్తులేదు.

"ఓరి నీ అసాధ్యం కూలా! భోజనానికి రమ్మని పిలిచి, గుమ్మంలో దుడ్డుకర్రట్టుకుని మనిషిని నిలబెడతావట్రా? పైగా ఆ చీపురుకి దిష్టొకటి!"

నేను పీటెక్కి బొమ్మని ఒక్క గుంజు గుంజాను. తర్వాత అందరం గోడకి అంటుకుని నిలబడ్డాం. ముందొక పిచ్చుక వచ్చి చూరు మీద వాలి, తల అటూ ఇటూ తిప్పింది. వెనకాలే ఇంకోటి. ఆ తర్వాత బిలబిలమంటూ వచ్చి, నా కుచ్చు పట్టుకుని ఉయ్యాలలూగుతూ గింజలు ఒలుచుకు తిన్నాయి.

"ఏదే, ఆ జావ ఇలా పట్రా. ఉప్పు వేసేవా?" అంది మామ్మ.

అమ్మ పరిగెత్తింది. నా గుండెల మీంచి ధాన్యం బస్తా దింపినట్టయింది. మామ్మ గిన్నె ఖాళీ చేసి, అడుగున మిగిలింది వేలితో నాకింది. నాన్నగారు కండువాతో కళ్లు తుడుచుకుంటూ, "ఇంకా మంచు పడుతోందర్రా," అన్నారు. ఎండ అప్పటికే చుర్రుమంటోంది.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. ఉయ్యాలల దగ్గర ఆపమంది.

"కుచ్చు మీద ఎప్పుడు వాలేయండీ? మీ గుంజుడికి బొమ్మతో పాటు ఆ చీపురూ ఊడొచ్చి కింద పడింది. అరుగంతా చెదిరిన గింజలు ఏరుకు తిన్నాయవి. మీకు కట్టడం వచ్చుంటే గింజ రాలేది కాదు, బొమ్మకి బెదిరిపోయున్న పిట్టలు చూరున వేలాడే కుచ్చు ముట్టేవీ కావు, మామ్మగారు ఆ పూటా పస్తే."