తూర్పు స్టాండులో పక్కపక్క సీట్లు

ఈ మార్చిలో మా ఫుట్‌బాల్ క్లబ్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఈమెయిల్ కాదు, మందపాటి కవర్లో నిజమైన ఉత్తరం. క్లబ్ వాళ్లు నాకు కాగితం మీద రాశారంటే ఏదో ఒకటి లాక్కోబోతున్నారని అర్థం. ఇదివరకు రెండుసార్లు అలాగే జరిగింది. ఒకసారి దగ్గరి పార్కింగ్ లాట్ మూసేస్తున్నామని, ఇంకోసారి బయటి మంచినీళ్ల సీసా లోపలికి రానివ్వమని. రెండు ఉత్తరాలూ నా ఫైల్లో భద్రంగా ఉన్నాయి. అందుకని కవరు వెంటనే చింపకుండా ముందు టీ పెట్టుకుని, కోపం తెచ్చుకోవడానికి కావలసిన తీరిక చేసుకుని, అప్పుడు విప్పాను. ఈ సీజన్ అయ్యాక తూర్పు స్టాండు పడగొడతారట. ఆ చోట రెండంతస్తుల స్టాండు కడతారట, పైన డబ్బున్నవాళ్లకి అద్దాల గదులట. అంతవరకూ నేను ఊహించినదే. ఆఖరి పేరా మాత్రం ఊహించనిది. మొదటి సీజన్ నుంచీ టికెట్ తీసుకుంటున్నవాళ్లకి కొత్త స్టాండులో అదే వరుసలో పాత రేటుకే సీట్లిస్తారట, పక్కపక్కన కూర్చునేవాళ్లని విడదీయరట. "సభ్యుల సమావేశంలో ఇచ్చిన మాట ప్రకారం" అని రాశారు. ఏడేళ్ల కిందటి ఆ సమావేశానికి నేను వెళ్లాను. అలాంటి మాట ఎవరూ ఇవ్వలేదు. నాకు మరిచిపోయే అలవాటు లేదు.

తూర్పు స్టాండులో మా సీట్లు రెండు. ఒకటి నాది, దాని పక్కది మా బావది. బావ నాకు మేనత్త కొడుకు, ఆపైన మా అక్కని చేసుకున్నాడు. అంటే నేను ఒక బంధుత్వం తెంచుకున్నా ఇంకొకటి మిగిలి ఉండే ఏర్పాటన్నమాట. నేను అమెరికా వచ్చి జెర్సీ సిటీలో దిగిన కొత్తలో వాళ్ల అపార్ట్‌మెంట్ హాల్లోనే ఎనిమిది నెలలు పడుకున్నాను. ఆ వేసవిలోనే రైల్లో అరగంట దూరంలో ఈ క్లబ్ పుట్టింది. పెద్ద లీగ్‌కి ఒక మెట్టు కింద ఆడే చిన్న క్లబ్. మూతపడిన ఏదో కాలేజీ గ్రౌండును బాగుచేసి, తూర్పు వైపున రేకుల కప్పుతో ఒక స్టాండు వేశారు. బావ ఆఫీసులో ఎవరో రెండు టికెట్లు ఊరికే ఇచ్చారు, ఊరికే కదా అని వెళ్లాం. మాకిద్దరికీ క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. రెండో సగంలో జోరున వాన పట్టుకుంది. రేకుల మీద ఆ చప్పుడులో రిఫరీ ఈల కూడా వినబడలేదు. తడిసిన గడ్డి వాసన, ఎవరో వేయిస్తున్న ఉల్లిపాయల వాసన కలిసి స్టాండంతా నిండిపోయాయి. మా వాళ్లు నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయారు. బయటికి వస్తూ బావ కౌంటర్ దగ్గర ఆగి రెండు సీజన్ టికెట్లు కొన్నాడు. "ఇంత ఘోరంగా ఆడేవాళ్లకి మనం కాకపోతే ఇంకెవరున్నార్రా?" అన్నాడు. నాకు గుర్తున్నంతలో మా బావ లాభం చూసుకోకుండా చేసిన ఖర్చు అదొక్కటే.

ఎందుకంటే ఆయన పనే అది. కంపెనీల జమాఖర్చులు చూసే సాఫ్ట్‌వేర్లు నడపడం. ఆ కళ్లతోనే ఆట కూడా చూసేవాడు. నేను బంతిని చూస్తుంటే ఆయన గ్రౌండు చుట్టూ ఉన్న ప్రకటనల బోర్డులు చూసేవాడు. "ఆ మూల టైర్ల కంపెనీ పోయి పళ్ల డాక్టర్ వచ్చాడు, చూశావా? ఈ ఏడు ఎవడో ఒకణ్ణి అమ్మేస్తారు," అనేవాడు. అమ్మేసేవాళ్లు. మొదటి ఏడాది గోల్‌కీపర్ని, మరుసటేడు ఎడమవైపు డిఫెండర్ని, ఆ పై ఏడు నాకు ఎంతో ఇష్టమైన బట్టతల స్ట్రైకర్ని. ఒక్కొక్కరూ వెళ్లినప్పుడల్లా నేను క్లబ్‌కి ఫిర్యాదు రాసేవాణ్ణి. ప్రతిసారీ "మీ అభిమానానికి ధన్యవాదాలు" అన్న జవాబుతోపాటు జెర్సీల షాపులో పది శాతం తగ్గింపు కూపన్ పంపేవాళ్లు. ఆ కూపన్లు కూడా ఫైల్లోనే ఉన్నాయి, ఒక్కటీ వాడలేదు. లోపలికి ఫ్లాస్కు రానివ్వరు గనుక బావ కారు డిక్కీ తెరిచి, అక్కడే నిలబడి ఇద్దరికీ రెండేసి కప్పుల అల్లం టీ పోసేవాడు. అక్క చేసిన జంతికలు మాత్రం కోటు జేబుల్లో దాచుకుని తీసుకెళ్లేవాళ్లం. ఒకసారి గేటు దగ్గర గార్డు ఆ పొట్లం తీసి చెత్తబుట్టలో పడేశాడు. అతని మొహం ఇప్పటికీ చెప్పగలను. మా వెనక వరుసలో ఎప్పుడూ ఊలు అల్లుకుంటూ కూర్చునే ఒక పెద్దావిడ ఆ రోజు తన శాండ్‌విచ్‌లో సగం మాకిచ్చింది. అదీ మరిచిపోలేదు. మంచి కూడా నేను గుర్తు పెట్టుకుంటానని మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ పదో నంబరు కుర్రాడి విషయంలో తగిలింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చాడు. బంతి వాడి కాలికి తగిలితే స్టాండంతా లేచి నిలబడేది. బయటి దేశాల ఆటగాళ్లు ఒక్కో జట్టులో ఇంతమందే ఉండాలని లీగ్ రూలు. గ్రీన్ కార్డ్ వచ్చినవాణ్ణి మాత్రం స్థానికుడి కింద లెక్కేస్తారు. అందుకని క్లబ్బే వాడికి అప్లై చేసింది. ఏడాది తిరగకుండా వచ్చేసింది. ఒక మ్యాచ్ మధ్యలో ఆ సంగతి పెద్ద తెర మీద వేసి, అందరినీ లేచి చప్పట్లు కొట్టమన్నారు. మా బావ అప్పటికి తొమ్మిదేళ్లుగా గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నాడు. నేను కూర్చునే ఉన్నాను, చేతులు కట్టుకుని. బావ లేచి నిలబడి అరచేతులు ఎర్రబడేలా కొట్టాడు. "లేరా! ఎవడో ఒకడికి వచ్చిందిగా!" అన్నాడు. నేను లేవలేదు. ఆ చలికాలమే క్లబ్ ఆ కుర్రాణ్ణి టెక్సాస్ జట్టుకి అమ్మేసింది. నాకు రెండు రాత్రులు నిద్రపట్టలేదు. "గ్రీన్ కార్డ్ ఉన్నవాడికి మార్కెట్లో రేటు ఎక్కువ. మనవాళ్లు చేయించిందే అందుకు. అమ్మక ఏం చేస్తారు? ఇన్ని సీట్లకి వచ్చే డబ్బుతో జీతాలు ఎలా వస్తాయి?" అన్నాడు బావ, వర్షం వస్తే గొడుగు తీయాలన్నంత తేలిగ్గా.

ఆ తర్వాత వసంతంలో ఆ సమావేశం జరిగింది. గ్రౌండు పక్క చర్చి హాల్లో మడత కుర్చీలు వేసి సీజన్ టికెట్ ఉన్నవాళ్లందరినీ ఓటుకి పిలిచారు. పెద్ద స్టేడియం ఉంటేనే పెద్ద లీగ్‌లోకి రానిస్తారట, అందుకు తూర్పు స్టాండు తీసేయాలట. కొత్త స్టాండులో సీట్లు మళ్లీ వేలం పాటలాగా, ఎవరు ఎక్కువిస్తే వాళ్లకట. అంటే మేం ఏ మూలకో పోతాం, అదీ ఒకే మూలకి కాదు. నేను నాలుగు పేజీలు రాసుకెళ్లాను. బావ ఆ హాల్లో అందరికీ తెలిసినవాడు, నా తర్వాత లేచి బలపరచాలని కార్లోనే ఒప్పందం. నేను నాలుగు పేజీలూ చదివాను. కూర్చున్నాను. బావ లేచాడు. "స్టాండు పడగొట్టండి. ఇప్పటికే ఆలస్యం చేశారు," అన్నాడు, తేట ఇంగ్లీషులో. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. నేను కాగితాలు మడిచి, కుర్చీ నేలమీద గీసుకుపోయేలా వెనక్కి తోసి, తలుపు దభాలున వేసి బయటికొచ్చాను. కారు ఆయనది గనుక రైల్లో ఒక్కణ్ణే ఇంటికొచ్చాను. ఆ రాత్రి ఆయన ఫోన్ చేశాడు, ఎత్తలేదు.

మూడు వారాల తర్వాత బావ ఉద్యోగం పోయింది. హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాడికి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజులే గడువు. యాభయ్యో రోజున ఇర్వింగ్‌లో ఉద్యోగం దొరికింది, అక్కనీ పిల్లనీ తీసుకుని టెక్సాస్ వెళ్లిపోయాడు. సామాను ట్రక్కులోకి ఎక్కించడానికి నేనూ వెళ్లాను. సోఫా ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకుని మూడంతస్తులు దింపాం. "ఎడమకి, ఎడమకి" తప్ప ఇంకో మాట లేదు. ఆ తర్వాత ఏడేళ్లూ పండగలకి ఫోన్లు చేసుకున్నాం, క్రికెట్ మాట్లాడుకున్నాం, గ్రీన్ కార్డ్ లైను ఎంత కదిలిందో చెప్పే వీసా బులెటిన్ తేదీలు మాట్లాడుకున్నాం. ఫుట్‌బాల్ ఎవరూ ఎత్తలేదు. స్టేడియం కూడా అనుమతులూ అప్పులూ తేలక అలాగే ఆగిపోయింది. ఏటా జనవరిలో బావ సీటు పోకుండా నేను డబ్బు కట్టబోతే, అప్పటికే ఇర్వింగ్ నుంచి కట్టేసినట్టు కనబడేది. నా సాయం అక్కర్లేదని చెప్పడమే కదా అది అనుకున్నాను. దాన్ని కూడా మనసులో ఫైల్ చేసుకున్నాను. ఎవరూ కూర్చోకుండా ఆ సీటు మీద నా కోటు పరిచేవాణ్ణి. జూలైలో కూడా కోటు తీసుకెళ్లేవాణ్ణి.

ఉత్తరం వచ్చిన వారమే మొదటి మ్యాచ్. ఇందులో ఏదో మోసం ఉందని నా గట్టి నమ్మకం. వెనక వరుస పెద్దావిడ ఆ రోజు సమావేశంలో ఉంది గనుక ఆవిడకి చూపించాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చదివి, ఊలు ఒళ్లో పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఇది మీ బావ పెట్టిన షరతే కదా! నువ్వు తలుపు విసిరేసి వెళ్లాక ఇంకో పావుగంట మాట్లాడాడు. కడితే కట్టండి, కానీ మొదటి ఏడాది వానలో తడిసినవాళ్లని వాళ్ల చోటు నుంచి కదపకూడదు, పక్కపక్కవాళ్లని విడదీయకూడదు, అది కాగితం మీద రాసిస్తేనే మా ఓటు అన్నాడు. నీ నాలుగు పేజీలకి తల ఊపినవాళ్లందరూ దానికి చేతులెత్తారు. క్లబ్ అధ్యక్షుడు అక్కడికక్కడే సంతకం పెట్టాడు. నీకు తెలియదా?"

తెలియదు. ఇంటికి వచ్చాక అరగంట ఫోన్ పట్టుకుని కూర్చుని, అప్పుడు చేశాను.

"సమావేశంలో నేను వెళ్లిపోయాక నువ్వేం మాట్లాడావ్ బావా?"

అవతల టీవీ ఆగిపోయింది. "ఏడేళ్లు పట్టిందిరా నీకు ఆ ప్రశ్న అడగడానికి?"

"నువ్వు చెప్పొచ్చుగా!"

"ఆ రోజు రాత్రే ఫోన్ చేశాను. ఎత్తావా? సోఫా మోస్తూ చెబుదామనుకున్నాను, నీ మొహం చూస్తే ఆ కొస వదిలేసేలా ఉన్నావు. ఇంక నువ్వే అడుగుతావులే అనుకున్నా."

"నేనెందుకు అడుగుతాను? ఏం జరిగిందో నాకు తెలుసు కదా!"

బావ ఎంత నవ్వాడంటే అక్క వచ్చి ఫోన్ లాక్కుంది. "ఏం చేశావురా ఈయన్ని? దగ్గొచ్చేలా నవ్వుతున్నారు," అంది.

"మరి ఏటా డబ్బు కట్టింది?" అన్నాను, ఫోన్ మళ్లీ ఆయన చేతికి వచ్చాక.

"ఒక్క ఏడాది మానేసినా మొదటి సీజన్ వాళ్ల లిస్టులోంచి పేరు తీసేస్తారు. అప్పుడు నీ పక్కన ఎవడో కూర్చుంటాడు. వాడి గతేం కాను?"

పోయిన శనివారం పాత స్టాండులో ఆఖరి మ్యాచ్ జరిగింది. బావ పొద్దున్నే ఫ్లైట్‌లో దిగాడు. జుట్టు సగం తెల్లబడింది, గ్రీన్ కార్డ్ ఇంకా రాలేదు. నా కారు డిక్కీ తెరిచి టీ నేనే పోశాను. అల్లం తక్కువైందన్నాడు. గేటు దగ్గర ఇద్దరం జేబులు పట్టుకుని నిలబడ్డాం. ఇప్పటి గార్డు అమ్మాయి జంతికలు చూసి ఒకటి అడిగి తీసుకుని పంపేసింది. నేను అలవాటుగా సీటు మీద పరిచిన కోటు తీశాను, బావ కూర్చున్నాడు, కూర్చోగానే మోకాళ్లు ముందు సీటుకి తగులుతున్నాయని, కొత్త స్టాండులో ఇంత ఇరుకు ఉండదని మొదలుపెట్టాడు. ఆయన ప్రకటనల బోర్డులు చూశాడు, నేను బంతిని చూశాను. మ్యాచ్ ఓడిపోయాం. ఆట అయ్యాక పది నిమిషాలు ఎవరూ లేవలేదు. రేకుల కింద పిచ్చుకలు ఎగురుతున్నాయి. వెనక నుంచి పెద్దావిడ మా ఇద్దరి భుజాల మీదా ఒక్కొక్క చెయ్యి వేసింది. బావ ఈ ఏడేళ్లలో అక్క చేత ఒక్క మాట చెప్పించి ఉండొచ్చు, అది మాత్రం నేను మరిచిపోను. కానీ కారు వైపు నడుస్తుంటే ఒకటి అనిపించింది. ఇన్నేళ్లూ అన్నీ గుర్తున్నాయని గర్వపడ్డ నా దగ్గర ఉన్నది సగం సమావేశమే. మిగతా సగాన్ని కాలం ఎటూ తీసుకుపోలేదు. ఖాళీ సీటుని కోటు పరిచి కాపాడినట్టు, నేను వెనక్కి తిరిగి అడిగేదాకా అక్కడే పట్టి ఉంచింది.