పై వీధికి పోని మనిషి

2005. హైదరాబాదు హైకోర్టులో నేను క్రిమినల్ అప్పీళ్లు చూస్తున్న రోజులు. ఎర్రగుంట్ల దగ్గరి ఒక ఊళ్లో జరిగిన ఫ్యాక్షన్ హత్య కేసు నా బల్ల మీదికి వచ్చింది. ముగ్గురికి యావజ్జీవం. నా క్లయింటు యేసోబు సిమెంటు ఫ్యాక్టరీలో లారీలకు బస్తాలు ఎత్తేవాడు. అప్పటికే మూడేళ్లుగా కడప జైల్లో ఉన్నాడు.

తోటి లాయరొకాయన ఫైలు తిరగేసి, "ఫ్యాక్షనోళ్లమ్మా. ఇది చేయకపోతే ఇంకోటి చేసుంటారు. నీకెందుకు తలనొప్పి?" అన్నాడు. నాదీ రాయలసీమే, పత్తికొండ. మా వైపు మనుషులకు కత్తులు తప్ప ఇంకేమీ తెలియదన్నట్టు మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. "ఆ ఇంకోదానికి కేసు పెట్టమనండి, అప్పుడు వేద్దురు శిక్ష" అని ఫైలు లాక్కున్నాను.

యేసోబు బుద్ధిమంతుడని నేను చెప్పను. వాళ్ల పార్టీ ఫ్యాక్షన్ నాయకుడి జీపులో తిరిగినవాడే. కానీ హత్యను కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. శిక్షంతా ఎక్స్‌ట్రా జ్యుడీషియల్ కన్ఫెషన్ మీద నిలబడింది. పోలీసుల దగ్గర నేరం ఒప్పుకుంటే కోర్టులో చెల్లదు. బయటి మనిషి దగ్గర తనంతట తాను ఒప్పుకుంటే పనికొస్తుంది, దాని పేరే అది. ఇక్కడ ముగ్గురూ ఊరి వీఏవో, అంటే రెవెన్యూ ఉద్యోగి, ఇంటికి నడిచిపోయి "మేమే చంపాము, మీరే కాపాడాలి" అన్నారట. ఆయన రాసుకుని, వేలిముద్రలు వేయించుకుని, స్టేషన్లో అప్పగించాడట. మూడు వాంగ్మూలాల్లో ఒక్క కామా కూడా తేడా లేదు!

యేసోబు భార్య మరియమ్మ రైలెక్కి నా ఆఫీసుకు వచ్చింది. ఆ వాంగ్మూలం చదివి వినిపిస్తుంటే మధ్యలోనే ఆపింది.

"ఈ వీఏవో ఇల్లు యాడుండాదో తెలుసా మేడం? పై వీధిలో. సచ్చిపోయినాయన వీధి అది. మా కింది వీధి మగోళ్లు ఆడ అడుగు పెట్టి ఏడేండ్లాయె. రేషన్ షాపు ఆడుండాదని బియ్యానికి గూడా పోరు. సంపినోళ్లయితే ఒప్పుకునేదానికి ఆడికే పోతారా?"

"మరి ఈ మాట సెషన్స్ కోర్టులో ఎందుకు చెప్పలేదు?"

"మమ్మల్ని ఎవరడిగినారు? ఆ సంగతి తెలియనోళ్లు మా దిక్కు ఎవరుండారు?"

అదే కొంప ముంచింది. వాళ్ల కడప లాయరుకు కూడా తెలుసు. అందరికీ తెలిసిందే కదా అని ఆయన దాని గురించి ఒక్క ప్రశ్నా వేయలేదు. అప్పీల్లో కొత్త సంగతి చెప్పడానికి లేదు. సెషన్స్ కోర్టులో నమోదైన సాక్ష్యంలో ఉన్నదే మాట్లాడాలి.

ఆ సాక్ష్యాల కట్టను వారం రోజులు మళ్లీ మళ్లీ చదివాను. దొరికింది. చెప్పింది స్వయానా ఆ వీఏవోనే. హత్యకు కారణం పాత కక్షలని రుజువు చేసుకోవడానికి ప్రాసిక్యూషనే ఆయనచేత చెప్పించింది: "రెండు పార్టీలవాళ్లు ఒకరి వీధిలోకి ఒకరు పోరు. నా ఇల్లు పై వీధిలో ఉంది."

ఇద్దరు జడ్జీల బెంచి ముందు ఆ రెండు వాక్యాలూ చదివాను. ప్రభుత్వ లాయరు లేచి, "పశ్చాత్తాపంతో పోయుండొచ్చు" అన్నాడు.

"హత్య జరిగిన మూడో రోజు, పట్టపగలు, చనిపోయినవాడి బంధువుల గడపల ముందు నుంచి ముగ్గురూ చేతులూపుకుంటూ పోయారా? ఒక్కరూ రాయి కూడా విసరలేదా?" అన్నాను. నా గొంతు పెరిగింది.

పెద్ద జడ్జిగారు "నిదానంగా, అమ్మా" అన్నారు.

"వాళ్లు మూడేళ్లుగా జైల్లో ఉన్నారు మై లార్డ్. నిదానం నా వల్ల కావడం లేదు."

ఆయన కోప్పడలేదు. తర్వాత వచ్చిన తీర్పులో ఆ కన్ఫెషన్ నమ్మదగింది కాదన్నారు. ముగ్గురినీ విడుదల చేశారు.

విడుదల రోజు నేను కడప పోయాను. గేటు ముందు నాయకుడి జీపు, పూలదండలు సిద్ధంగా ఉన్నాయి. మిగతా ఇద్దరూ దండలు వేయించుకుని ఎక్కేశారు. యేసోబు కూడా మెడలో దండతో అటే కదిలాడు. మరియమ్మ అడ్డం నిలబడింది.

"ఆయన జీపెక్కే గదా ఈ జైలుకొచ్చినావు. మళ్లా ఎక్కుతావా, ఎక్కు. నేను మాత్రం ఇంకోసారి హైదరాబాదు రైలెక్కేది లేదు."

"నాయకుడు ఏమనుకుంటాడే" అని నసిగాడు.

"మూడేండ్లు నేనేమనుకున్నానో ఆయనడిగినాడా?"

యేసోబు మెడలోని దండ తీసి డ్రైవరు చేతిలో పెట్టి, ఆమె వెనకే బస్టాండు వైపు నడిచాడు.

నేను సాధించిన తీర్పు కాగితం అతన్ని జైలు గేటు దాకా తెచ్చింది. అక్కడి నుంచి ఇంటికి తీసుకుపోయింది మరియమ్మ. ఆ తర్వాత ఏ ఫ్యాక్షన్ కేసైనా సరే, ఆ ఇంటి ఆడమనిషి మాట వినకుండా నేను వకాలత్ మీద సంతకం పెట్టలేదు.